సంఘకాపరి యేకాంతము

ధవళేశ్వరము దిగువ గోదావరి గౌతమిగను వసిష్ఠగను చీలి, ఆ రెంటి నడుమను వాని కిరుప్రక్కలను కాలువలై, పిల్లకాలువలై, బోదెలై విస్తరించిన యీ సీమలో, ఆదివారమునాడు ప్రొద్దు పొడవకమునుపే లేచి, తెల్లని బట్టలు ధరించి, పరిశుద్ధ గ్రంథమును చంక నుంచుకొని, నరసాపురపు రేవులో తొలి పంటెక్కి సఖినేటిపల్లికో, కోటిపల్లి రేవు దాటి ముక్తేశ్వరమునకో, లేదా మోటారుసైకిలుపై కాలువగట్టు వెంట మరే పేటకో సాగిపోవు మనుష్యుని చూచి, ‘అరుగో పాస్టరుగారు’ అని గుర్తుపట్టని పల్లె లేదు. ఆయన వెళ్లుచున్న మందిరములో అప్పటికే చాపలు పరచి, డోలకును తాళములును సిద్ధపరచి, మైకు సరిచేసి యుందురు. పాపపు ఒప్పుకోలు, విశ్వాసప్రమాణము, వాక్యపఠనము, ప్రసంగము, కానుకలు, ప్రభువు ప్రార్థన, దీవెన అను క్రమము ఒకచోట ముగియకముందే రెండవ గ్రామములో జనము కూడి యెదురుచూచుచుందురు. అక్కడి ఆరాధన ముగిసిన పిమ్మట మంచము పట్టిన వృద్ధునికి ప్రభువు బల్ల అందీయవలెను. పురిటింట ప్రార్థన చేయవలెను. పెండ్లి మాటలకు పెద్దగా కూర్చుండవలెను. దీపములు పెట్టువేళకు మరల సాయంకాలపు కూటమునకు చేరవలెను.

ఆదివారముతో ఆగునది కాదు ఆ పని. శుక్రవారపు ఉపవాస ప్రార్థనయు, వారము మధ్యను గృహ ప్రార్థనలును, నెల కొకమారు తెల్లవార్లు జరుగు కూడికయు, వేసవిలో ఉజ్జీవసభలును, శ్రమల కాలమున 40 దినముల ధ్యానములును, మంచి శుక్రవారమునాడు మండుటెండలో మూడు గంటలసేపు సిలువపై పలికిన ఏడు మాటల ప్రసంగములును, డిసెంబరు మొదలైనది మొదలు ఇంటింట సెమీక్రిస్మసులును కలవు. వీనిలో ప్రతిదానియందును ప్రార్థన నడుపువాడు ఆయనయే. ఇవిగాక, ఆసుపత్రి మంచమువద్దనుండి యొకరు, పరీక్ష గదికి వెళ్లబోవుచు నొకరు, కువైటులోనున్న కూతురినుండి కబురు రాలేదని యొక తల్లి, అర్ధరాత్రి యని చూడక సెల్‌ఫోనులో ‘అయ్యగారూ, ఒక్క ప్రార్థన చేయండి’ అని యడుగుదురు. ఆయన లేచి కూర్చుండి ప్రార్థించును. ఇంత ప్రార్థించు మనుష్యుడు, ఎవరి విన్నపమును మోయక, ఎవరి చెవికిని వినబడక, తలుపు మూసికొని, తన దేవునితో తానెప్పుడు మాటలాడునని మనలో నెవ్వరమును అడుగము. ఆ ప్రశ్నయే యీ రచనకు కారణము.

ప్రార్థన సన్నగిల్లుట విశ్వాసలోపమని తలచుట మనకు అలవాటు. కాపరి ముఖము వాడియున్న యెడల ‘అయ్యగారికి ఆత్మీయజీవితము తగ్గినది’ అని సంఘమున గుసగుసలాడుకొందురు. నా నమ్మకము వేరు. ఈ సీమలో కాపరుల ప్రార్థన ఎండిపోవుటకు కారణము విశ్వాసము చాలకపోవుట కాదు; నిద్ర చాలకపోవుట, తోడు లేకపోవుట, నెల గడచునో గడవదో తెలియకపోవుట. ఆ మూడింటిని తీర్చవలసిన బాధ్యత సంఘముది.

జీతము లేని పిలుపు

ఈ కష్టము నేటిది కాదు. డెల్టాలో సువార్త అడుగుపెట్టిన నాడే దానితోకూడ వచ్చినది. 1836వ సంవత్సరమున, బ్రిస్టలులో అనాథశరణాలయముల వలన ప్రసిద్ధుడైన జార్జి ముల్లరుకు బావమరిదియైన ఆంతొనీ నోరిస్ గ్రోవ్సు ప్రేరణచే, ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ పట్టణమునుండి విలియం బౌడెను, జార్జి బీరు అను ఇరువురు యువకులు భార్యలతో ఓడనెక్కి మన దేశమునకు వచ్చిరి. ఒకడు రాతిపనివాడు, ఒకడు చెప్పులు కుట్టువాడు. వారి వెనుక నెలనెల జీతము పంపు సంఘమేదియు లేదు. దేవుడు పోషించుననెడి నమ్మకమొక్కటియే వారి ఆధారము. మచిలీబందరు మీదుగా గోదావరి తీరమునకు చేరి, బీరు నరసాపురమునను, బౌడెను పాలకొల్లునను కాపురమేర్పరచుకొని, తెలుగు నేర్చి, 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట పనికి వేలకొలదిగా చేరిన కూలిజనము నడుమను వాక్యము ప్రకటించిరి. ఆ ఆనకట్ట కట్టించిన ఆర్థరు కాటను దొరయు భక్తిపరుడే. గోదావరి డెల్టా మిషను అను పేర నిలిచిన ఆ పరిచర్యలో జీతము నిశ్చయము లేకుండుట ఒక నియమముగా పాటింపబడినది. మహావిశ్వాసులకు అది మహిమయే. అయితే ఆ నియమమును, పెద్దకుటుంబము గల పల్లెటూరి బోధకునికి, అతనిని అడుగకయే, అతని సమ్మతిలేకయే, శాశ్వతధర్మముగా అంటగట్టినప్పుడు అది భారమగును. ఈ భేదమును మనము నేటికిని సరిగా గుర్తింపలేదు.

విదేశీయుల మాట అటుంచి తెలుగువాని కథ చూడుడు. కాకినాడలో థామస్ గాబ్రియేలు అను తెలుగు క్రైస్తవుడు, టెలిగ్రాఫు శాఖలో సర్కారు కొలువు చేయుచు, ఆ కాలమున తెలుగు పేటల నుండి వచ్చినవారికి అరుదుగా దొరకు ఆ భద్రతను తన చేతులార విడిచి, తన స్వంత పూనికపై బాప్తిస్టు పరిచర్య నారంభించెను. సంఘములు పుట్టెను, శిష్యులు చేరిరి, ధనము మాత్రము చేరలేదు. అప్పులు మీద పడగా ఆయన కెనడా దేశపు బాప్తిస్టులకు విన్నపము పంపెను. 1874 మార్చిలో జాన్ మెక్లారిను కాకినాడ వచ్చి ఆ భారము నెత్తికెత్తుకొనెను. మరుసటి యేడాది ఆరంభముననే గాబ్రియేలు కన్ను మూసెను. కాకినాడలో మెక్లారిను పేరిట ఉన్నత పాఠశాల నిలిచినది. 1882లో సామర్లకోటలో బోధకులకు వేదశాస్త్ర పాఠశాల వెలసినది. పిఠాపురమున, రామచంద్రపురమున ఆసుపత్రులు లేచినవి. వీనియన్నిటికిని మొదటి రాయి వేసిన గాబ్రియేలు పేరు మన మందిరములలో ఎందరికి తెలియును? ఆయన మరణమునకు శరీరమందలి వ్యాధి యెంత కారణమో, మోయలేని చింత యెంత కారణమో చెప్పగలవారు లేరు. అయినను, పిలుపు విన్నవాడు ఒంటరిగా అప్పుల నడుమ నిలిచినప్పుడు చుట్టునున్న విశ్వాసులు ఏమిచేయుచుండిరను ప్రశ్న ఆ కథ చదివినప్పుడెల్ల నన్ను వదలదు.

రాజమహేంద్రవరపు లూథరన్ మిషను చరిత్రలో ఇట్టిదే మరియొక ఘట్టము కలదు. ఉత్తర జర్మనీవారు స్థాపించి, పిమ్మట అమెరికా లూథరనులకు అప్పగించిన ఆ పరిచర్య 1869 నాటికి పనివారు లేక ఇతరుల చేతికి పోవుటకు సిద్ధమైయుండెను. అప్పుడు, 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టి తెలుగుదేశమున అమెరికా లూథరన్ పనికి నాంది పలికిన ఫాదర్ హయ్యరు, 76 ఏండ్ల ప్రాయమున, నేను పోయెదనని ముందుకువచ్చి, మరల సముద్రము దాటి రాజమహేంద్రవరము చేరెను. భార్యను ఏనాడో పోగొట్టుకొని ఒంటరియైన ఆ వృద్ధుడు యువకులు వచ్చువరకు కోటను కాచి, తిరిగి స్వదేశమునకేగి 1873లో తనువు చాలించెను. ఆయన త్యాగమునకు చేతులెత్తి మ్రొక్కవలసినదే. కాని, ఆ పని నిలుచుటకు అంత వృద్ధుడు రావలసివచ్చుట సంఘమునకు కీర్తికరము కాదు.

జేగురుపాడు బిడ్డ

రాజమహేంద్రవరమునకు సమీపమందలి జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారిని గూర్చి చెప్పక ఈ సీమలో ప్రార్థన మాట యెత్తుట సాధ్యము కాదు. లూథరన్ సంఘమున ఉపాధ్యాయుడుగను బోధకుడుగను చిరకాలము పనిచేసి, అవివాహితుడై, రాజమహేంద్రవరపు లూథర్‌గిరిలో వేదవిద్యార్థులకు పాఠములు చెప్పుచుండిన ఆయన, 1938 జనవరి 31న ‘బైబిలు మిషను’ అను మాటలు బంగారు అక్షరములుగా గాలిలో కనబడినవని తన అనుచరులకు తెలిపి, యౌవనము గడచి యెన్నియో యేండ్లైన వయస్సులో, తాను పెరిగిన సంఘమును, తన కొలువును విడిచి బయటికి వచ్చెను. 1960లో గుంటూరు చెంతనున్న కాకానిలో పరమపదించెను. ఏటేట జనవరి కడపటి దినములలో గుంటూరు ప్రాంతమున జరుగు బైబిలు మిషను మహాసభలకు గోదావరి జిల్లాలనుండి బస్సులు కట్టుకొని పోవువారిని మనమెరుగుదుము.

ఆ దర్శనమును నమ్ముట, నమ్మకపోవుట ఎవరి విశ్వాసము వారిది. దాని ఫలితముగా ఏర్పడిన సంఘభేదమును గూర్చి తీర్పు చెప్పుట నా పని కాదు. నన్ను ఆకర్షించునది మరియొకటి. ప్రార్థన యనగా దేవునికి విన్నపముల జాబితా వినిపించుట యని యెల్లరును తలచుచున్న కాలమున, ఆయన మౌనమును ఆరాధనలో భాగము చేసెను. మనస్సును నెమ్మది పరచుకొనుట, తప్పు లొప్పుకొనుట, తన్ను తాను అప్పగించుకొనుట, అడుగుట, స్తుతించుట — ఇవన్నియు జరిగిన పిమ్మట ఏమియు మాటలాడక దేవుని సన్నిధిలో కనిపెట్టుచు కూర్చుండవలెనని ఆయన నేర్పెను. ప్రార్థించువాడు చెప్పుటకంటె వినుటకు ఎక్కువ సమయమియ్యవలెనన్న ఈ బోధ, అరచేతులు తట్టి, గొంతెత్తి, మైకు హోరున దేవుని పిలుచుటకు అలవాటుపడిన మన కూడికలకు ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు. పంట కాలువకు నీరు వదలవలెనన్న ముందు ఆనకట్ట వెనుక నీరు నిలువవలెనని డెల్టా రైతు కెవ్వరును నేర్పనక్కరలేదు. కాపరి విషయమున మాత్రము ఆ సంగతి మరచి, నిలువ లేని నీటిని నిత్యము వదలుమని మనము అడుగుచున్నాము.

లూథరన్ సంప్రదాయమునందే ఇట్టి బోధ మరియొక విధముగా కలదు. 1535లో, తనకు క్షౌరము చేయు పీటరు ‘ఎట్లు ప్రార్థింపవలెను’ అని యడుగగా మార్టిను లూథరు ఒక చిన్న పుస్తకమును జాబుగా వ్రాసి యిచ్చెను. అందు మొదటనే ఆ మహాబోధకుడు, ఇతర పనుల యొత్తిడిచే తన హృదయము ప్రార్థనయెడ చల్లబడిన దినములు తనకును కలవని దాపరికము లేక చెప్పి, అట్టివేళ కీర్తనల గ్రంథము చేతబట్టుకొని గదిలోనికో మందిరములోనికో పోయి కూర్చుందునని తెలిపెను. ఇంకొక గంటలో ప్రార్థించెదను, ముందీ పని ముగించెదను అను తలంపు అత్యంత ప్రమాదకరమని హెచ్చరించెను. నా యెరుకలో ఈ డెల్టా కాపరులలో ఇట్లు ‘నా హృదయము చల్లబడినది’ అని సంఘము ఎదుట చెప్పగల ధైర్యము ఏ కొద్దిమందికో కలదు. చెప్పినయెడల రెండవ ఆదివారము కానుకల పెట్టె తేలికయగునను భయము వారిని కట్టివేయుచున్నది.

తెలుగు క్రైస్తవునికి ఇంకొక ఆసరా కలదు. అది ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను పాటల పుస్తకము. పురుషోత్తమ చౌదరి మొదలైన భక్తులు రచించిన ఆ కీర్తనలపై రాగతాళములు అచ్చువేసి యుండును. లూథరను, బాప్తిస్టు అను భేదము లేక అదే పుస్తకము చేతులు మారుచుండును. ప్రసంగమునకు మాట దొరకని రాత్రి ఒంటరిగా కూర్చుండి ఒక పాత కీర్తనను మెల్లగా పాడుకొని నిద్రించు వృద్ధ పాస్టర్లు నాకు తెలియును.

నేటి భారము

ఇప్పుడు ధనము మాట. గోదావరి డెల్టా మిషను మాట అటుంచినచో, మిషనరీల కాలమున జీతము చిన్నదైనను నెలనెల వచ్చెడిది. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడి, క్రమముగా పెద్ద సంఘములన్నియు స్వదేశీయుల యాజమాన్యమునకు వచ్చిన పిమ్మట, పల్లె సంఘము తన కాపరిని తానే పోషించుకొనవలసిన దినములు వచ్చినవి. అందు తప్పేమియు లేదు, అదియే న్యాయము. అయితే ఆ సంఘములలో అధికభాగము వ్యవసాయకూలీలవి. సార్వా ఊడ్పులనాడు, దాళ్వా కోతలనాడు చేతిలో నాలుగు రూకలాడును. మిగిలిన నెలలలో అప్పు. అన్నము వండునప్పుడెల్ల తల్లులు పిడికెడు బియ్యము తీసి వేరు కుండలో వేసి ఆదివారము మందిరమునకు తెచ్చు ఆచారము ఎంత పూజ్యమో, ఆ బియ్యమునే నెలజీతముగా లెక్కించుకొని పిల్లల ఫీజు కట్టవలసిన కాపరి స్థితి అంత దయనీయము. పంట పండుగనాడు కంకులు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్లు వేలము వేయగా వచ్చిన సొమ్మును మందిరపు కప్పుకు ఖర్చుపెట్టుట సమ్మతమే. కాని కప్పు క్రింద నిలుచువాని యింటి కప్పు కారుచున్నదేమో ఎవరైనను చూచిరా?

ఏ సినాడుకు, ఏ అసోసియేషనుకు చెందక స్వతంత్రముగా పరిచర్య చేయుచున్న కాపరుల సంఖ్య గోదావరి జిల్లాలలో మిక్కిలి హెచ్చినది. వారికి విరమణ వయస్సు లేదు, పింఛను లేదు, బదిలీ లేదు. తమపై తండ్రివలె విచారించు అధ్యక్షుడును లేడు. జబ్బుపడిన వారము ఆరాధన ఆగును. ఆరాధన ఆగిన వారము పొయ్యి ఆగును. ఇక సంఘములకు చెందిన స్థలములు, పాఠశాలలు, కమిటీల యెన్నికలు మొదలైనవానిపై కోర్టులలో నడచు వ్యాజ్యములకు కాపరి పక్షము చెప్పక తప్పదు. ఎటు చెప్పినను సగము సంఘము ఆయనకు దూరమగును.

మరియొక కష్టమును మన రచయితలు తప్పించుకొని పోవుచుందురు, నేనట్లు పోదలచుకొనలేదు. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించెను, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందు చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రదేశమున క్రైస్తవ మతమవలంబించిన షెడ్యూల్డు కులములవారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా నిలిపి, నూటికి ఒక వంతు రిజర్వేషను మాత్రమిచ్చిరి. దీని ఫలితమేమి? ఆదివారము మోకాళ్లూని ప్రార్థించు కుర్రవాడు సోమవారము తహసీల్దారు కార్యాలయమున వేరొక మతము వ్రాయించుకొని బయటికి వచ్చును. అతని తల్లి పాస్టరుగారి యొద్దకు వచ్చి ‘ఏమి వ్రాయించమంటారయ్యగారూ?’ అని యడిగినప్పుడు, వేదశాస్త్ర పాఠశాలలో నేర్పిన యే పాఠమును ఆయనకు జవాబు నందింపదు. సత్యమాడుమన్నచో ఆ పిల్లవాని చదువు పోవును. అబద్ధమాడుమన్నచో ప్రసంగవేదికపై తన మాట పోవును. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టదు. ఈ భారమును శాసనము మోపినది, సంఘము దాచినది, కాపరి మోయుచున్నాడు. ఇది అన్యాయమని నేను నిస్సంకోచముగా వ్రాయుచున్నాను.

కాపరి యింటి అమ్మగారి సంగతి ఒక్క మాటైన చెప్పవలెను. స్త్రీల కూటము నడుపుట, ఆదివారపు బడిలో పిల్లలకు పాటలు నేర్పుట, వచ్చినవారికెల్ల కాఫీ కాచుట, భర్త కోపమును సంఘమునకు, సంఘపు కోపమును భర్తకు తెలియకుండ దాచుట ఆమె పని. ఆ పనికి పేరును లేదు, జీతమును లేదు. అంతకు తోడు, యూట్యూబులో ఏ మహానగరపు బోధకునో విని వచ్చి, ‘ఆయన అంత చక్కగా చెప్పును, మన అయ్యగారు చెప్పలేరేమి?’ అని ఆమె యెదుటనే యనువారు బయలుదేరిరి.

పరిశుద్ధ గ్రంథమును తెరచి చూడుడు. అరణ్యమున జనులు మాంసము కొరకు ఏడ్చినప్పుడు, ఈ ప్రజల భారము నొంటరిగా మోయలేను, ఇంతకంటె నన్ను చంపివేయుమని మోషే దేవునితో మొరపెట్టుకొనెను. దేవుడతనిని అవిశ్వాసి యని గద్దింపలేదు. 70 మంది పెద్దలను అతనికి తోడిచ్చెను. ఏలీయా బదరీవృక్షము క్రింద కూలబడి చావు కోరుకొనినప్పుడు, దేవదూత అతనికి ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చెను, రొట్టెయు నీళ్లును పెట్టెను, మరల నిద్రపోనిచ్చెను, మరల పెట్టెను. సన్నని స్వరము వినబడినది ఆ పిమ్మట, హోరేబు కొండయొద్ద. ఆరవ శతాబ్దమున రోమా పీఠాధిపతియైన గ్రెగొరీ, కాపరి ధర్మములను గూర్చి తాను వ్రాసిన గ్రంథమున, ఆ భారమునుండి తాను తప్పించుకొన జూచితినని దాచక చెప్పుకొనెను. కాపరి అలసిపోవుట పాపమని పరిశుద్ధ గ్రంథము చెప్పలేదు, సంఘచరిత్ర చెప్పలేదు. చెప్పుచున్నది మనమే.

కాబట్టి సంఘపెద్దలకు నా విన్నపము. మీ కాపరి జీతమెంతయైనను సరే, దానిని కానుకల పెట్టె దయకు విడువక, నెలలో ఒక నిశ్చిత దినమున చేతికందునట్లు చేయుడి. శుక్రవారపు కూటమును మీలో నొకరు నడుపుడి. వాక్యము చదివి ప్రార్థించుటకు దీక్ష పొందిన చేతులే కావలెనను నియమము లేదు. రాత్రి పది గంటల పిమ్మట, ప్రాణాపాయము తప్ప మరి దేనికిని ఆయనకు ఫోను చేయకుడి. చుట్టుప్రక్కల పాస్టర్లు సభల ఏర్పాట్లకు కాక, ఒకరి కష్టమొకరు చెప్పుకొని ఒకరికొరకొకరు ప్రార్థించుకొనుటకు నెలకొకమారు కలియునట్లు, ఆ దినము మందిరపు పని మీరు చూచుకొనుడి. ఏటికి రెండు వారములు ఆయనను, అమ్మగారిని, పిల్లలను సెలవు మీద పంపుడి. ఆ రెండు వారములలో గ్రామమున ఎవరైన మరణించినచో సమాధి కార్యక్రమమునకు పొరుగూరి పాస్టరుగారిని మీరే పిలుచుకొని రండి. అన్నిటికంటె ముఖ్యముగా, వారమున ఒక దినము, సోమవారమైన మేలు, ఆయన తలుపు తట్టకుడి. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే ఒక పదినిమిషములు ఆగి, ఈ సంగతులు మాటలాడి, సంఘపు మినిట్సు పుస్తకమున వ్రాసి సంతకములు చేయుడి.